బానలో కంప్యూటరు, మూకుడు మీద పెట్ట

అంకాలు అని ఒక పిల్ల ఉండేదంట. పిల్లంటే మరీ చిన్నపిల్లేం కాదు, ఇరవై రెండేళ్ళుంటాయనుకో. కుండలు చేసే యలమంద కూతురు. పది పాసయింది, ఇంటరు సగంలో వదిలేసింది, ఇక అక్కణ్ణుంచి అన్నీ తనంతట తనే నేర్చుకుందంట. ఎట్టా అంటే ఫోన్లో చూసి. మిక్సీ విప్పుద్ది, మళ్ళీ బిగిస్తది. బిగించాక రెండు మరలు మిగిలిపోతాయి, మిక్సీ మాత్రం తిరుగుద్ది. అట్టాంటి పిల్ల. ఒక్కచోట కూర్చోలేదు, కూర్చున్నా కాలు ఊపుతానే ఉంటది. వాళ్ళ నాయనమ్మ పున్నమ్మ అనేదంట, "ఒసే, నీ కాలికి సారె కడితే రోజుకి నలభై కుండలు లేస్తాయే" అని. సారె అంటే కుండలు చేసే చక్రం, తెలుసుగా? తెలియకపోతే తెలిసినట్టు తలూపండి, కథ ఆగకుండా పోద్ది.

ఏమైందంటే, ఎక్కడో పట్నంలో ఒక కంపెనీ ఉందంట. వాళ్ళు చేతిరాత కాగితాలు ఫోటోలు తీసి పంపిస్తారు, అవి చూసి టైపు కొట్టి తిరిగి పంపాల. ఇంట్లో కూర్చునే పని. దానికో పరీక్ష పెట్టారు. సోమవారం పొద్దున పదకొండింటికి మొదలుపెట్టి పన్నెండు దాకా, గంటసేపు ఆపకుండా కొట్టాల. రేపు ఏ కంప్యూటరు మీద పనిచేస్తావో దాని మీదే పరీక్ష రాయాల. మధ్యలో అది ఆగిపోయిందా, నువ్వూ ఆగిపోయినట్టే, ఇంకోసారి రాయనియ్యరు. ఎదురుగా కెమెరా. కుర్చీలోంచి లేవగూడదు, గదిలో ఇంకో మనిషి కనపడగూడదు, మాట వినపడగూడదు. సరే, పరీక్ష పోతే ఏమైద్ది? పోతే మంగళవారం పొద్దున బస్సు. నరసరావుపేటలో అంకాలు మేనత్తకి బట్టల కొట్టు ఉంది. "పిల్లని పంపియ్ రా తమ్ముడా, చీరలు మడతపెట్టే మనిషి లేక చస్తన్నా" అని ఆమె రెండేళ్ళ నుంచి అడగతానే ఉంది. యలమంద ఈసారి మాటిచ్చేశాడు. "సోమవారం దాకా నీ ఇష్టం అమ్మాయ్, మంగళవారం నుంచి నా ఇష్టం" అన్నాడంట. అంకాలు ఆ కొట్లో ఒక్కరోజు పనిచేసింది అంతకుముందు. పొద్దున తొమ్మిదికి బల్ల ఎనక నిలబడితే రాత్రి దాకా అదే బల్ల, అదే గోడ, విప్పిన చీర మడతపెట్టడం, మడతపెట్టింది మళ్ళీ విప్పడం. కాలు ఊపుదామన్నా చోటు లేదు. తిరిగొచ్చి నాయనమ్మతో చెప్పిందంట, "నన్ను సారె మీద పెట్టి తిప్పినా సరేగానీ, ఆ కొట్లో మాత్రం నిలబెట్టొద్దే" అని.

మరి కంప్యూటరు కావాల కదా. పేటలో ఒక నెట్ సెంటరు మూసేస్తంటే, అంకాలు పోయి పాత సామానంతా మూటగట్టుకొచ్చింది. ఒకదాన్లోంచి బోర్డు, ఇంకోదాన్లోంచి ఫ్యాను, ఇంకోదాన్లోంచి కరెంటు డబ్బా. తెర ఒకటి, దానికి ఒక మూల పచ్చటి మచ్చ. అన్నీ ఫోన్లో చూసుకుంటా కలిపింది. ఎటొచ్చీ వాటన్నిటినీ పెట్టుకునే పెట్టె లేదు. ఉన్న ఒక్కటీ తుప్పుపట్టి, ముట్టుకుంటే చేతికొచ్చింది. ఉత్తినే బల్ల మీద పెడదామంటే అది కుమ్మరోళ్ళ ఇల్లాయె. ఒకపక్క మట్టి జల్లెడ పడతంటారు, ఇంకోపక్క ఆవం, అదే, కుండలు కాల్చేది, అందులోంచి బూడిద లేస్తంటది. ఆ ఫ్యాను బూడిద పీల్చిందంటే రెండ్రోజుల్లో దగ్గొచ్చి పోద్ది. అప్పుడు తట్టిందంట ఆమెకి. కంప్యూటరుకి వేడి పడదని ఫోన్లో చెప్పారు. మన ఇంట్లో ఎంత ఎండకైనా చల్లగా ఉండేదేంది? బాన. నడెండాకాలం బానలో నీళ్ళు తాగితే పళ్ళు జిల్లుమంటాయి. నీళ్ళని అంత చల్లగా ఉంచిన బానకి కంప్యూటరొక లెక్కా! నవ్వుతున్నారా? నవ్వండి. మీరైతే ఫ్రిజ్జులో పెట్టేవాళ్ళు.

అట్టా ఏం చేసిందంటే, వాళ్ళ నాయన చేసిన పెద్ద బాన, వెడల్పు మూతిది, తెచ్చి కడిగి ఎండబెట్టింది. బోర్డునీ, ఫ్యానునీ, కరెంటు డబ్బానీ ఒక చెక్కకి బిగించింది. ఆ చెక్కని నిలువునా బానలోకి దించింది. వైర్లన్నీ మూతిలోంచి బయటికి తీసి, పైన మూకుడు బోర్లించింది. గదిలో మూల కుదురు మీద బాన, బల్ల మీద తెర. మీట నొక్కింది. బానలోంచి బుయ్యిమని శబ్దం, తెర మీద వెలుగు. యలమంద చేతులకి మట్టితోనే వచ్చి చూశాడంట. చూసి, "అమ్మాయ్, మా తాత ముత్తాతలు నీళ్ళకి చేశారు, పప్పులకి చేశారు, పెళ్ళికి చేశారు, చావుకి చేశారు. దీనికి చెయ్యలేదు" అన్నాడు. అని మీసం మీద చెయ్యేసుకున్నాడు. మీసానికి మట్టి అంటుకుంది. అది బుధవారం. సరిగ్గా నలభై నిమిషాలు గడిచినాయో లేదో, టప్. తెర నల్లగా అయిపోయింది. బానలో బుయ్యి లేదు. మళ్ళీ మీట నొక్కితే వచ్చింది, అయిదు నిమిషాలుండి, టప్. గంట ఆగి నొక్కితే మళ్ళీ నలభై నిమిషాలు. మళ్ళీ టప్. అంకాలు ఒక బొగ్గు తీసుకుని గోడ మీద రాసుకుంది: పొద్దున నలభై, మధ్యాన్నం ఇరవై అయిదు, సాయంత్రం ముప్పై అయిదు. పరీక్షేమో అరవై.

ముందు అందరూ కరెంటునే అనుమానించారు. అది మామూలేగా, మన ఊళ్ళో ఏది ఆగినా ముందు కరెంటుదే తప్పు. లైన్‌మెన్ సైదుల్ని పిలిచింది. "సైదులన్నా, నీ కరెంటు నా కంప్యూటర్ని చంపేస్తంది" అంది. సైదులు చంకలో శ్రావణం, అదే, కటింగ్ ప్లేయరు, పెట్టుకుని వచ్చాడు, బాన చూశాడు, బాన చుట్టూ ఒకసారి తిరిగాడు. "చెల్లెమ్మా, అది ఆగినప్పుడు పైన బల్బు ఆరిందా?" "ఆరలేదన్నా." "ఫ్యాను ఆగిందా?" "ఆగలేదు." "బల్బూ నీ బానా రెండూ ఒకే స్తంభం పాలు తాగుతున్నాయి. ఒకటి బతికి ఒకటి చస్తే అది పాల తప్పు కాదు, బిడ్డ తప్పు" అన్నాడంట. అని టీ తాగి పోయాడు. పోతా పోతా గుమ్మం దగ్గర తిరిగి, "అది నిజంగా బానేనా?" అని అడిగాడు.

ఇక బిడ్డ తప్పేందో చూడాల. గురువారమంతా అంకాలు ఆ బానకి తల్లీ డాక్టరూ తనే. ప్రతి వైరూ పీకి మళ్ళీ పెట్టింది. టప్. మెమరీ ముక్క బయటికి తీసి, దాని పళ్ళని బడిపిల్లల రబ్బరుతో రుద్ది పెట్టింది. టప్. మీట ఇరుక్కుందేమోనని మీటే తీసేసి, రెండు తీగలు తాకించి వెలిగించింది. టప్. కరెంటు డబ్బా మార్చింది, మూటలో ఇంకోటుంది కదా. దాంతో కూడా టప్. ప్రతిసారీ బానలోకి నడుం దాకా వంగి పనిచెయ్యాల. వాళ్ళ నాయనమ్మ అటుగా పోతా, బాన మూతిలోంచి పైకి లేచిన రెండు కాళ్ళు చూసి గుండెలు బాదుకుందంట, పిల్ల బావిలో పడ్డట్టే ఉంది. "ఏందే నీ అవతారం!" అంటే, బానలోంచి గొంతు గుయ్యిమంటా వచ్చింది, "నాయనమ్మా, మాట్లాడబాక, ఇప్పుడే నాకు ఒక మర కింద పడింది" అని నేను... అదే, అంకాలు అందన్నమాట. ఏందమ్మా? ఎవరా? అంకాలేగా. నేను అంకాలనే అన్నా. మీరు వినండి ముందు.

శుక్రవారం పొద్దున పేటలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయనకి ఫోన్ చేసింది. పెద్ద పేరున్నాయనంట. బొమ్మ కనపడేట్టు ఫోన్ చేసి, వివరమంతా చెప్పింది, నలభై నిమిషాలు, టప్, రబ్బరు, మీట, డబ్బా. ఆయన ఊఁ ఊఁ అంటా విన్నాడు, బాగానే విన్నాడు. "ఏదమ్మా, ఒకసారి సామాను చూపించు" అన్నాడు. ఈమె ఫోన్ తిప్పి చూపించింది. ఆయన ఫోన్ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. తర్వాత, "ఒరే, అందరూ ఇట్టా రండ్రా!" అని కేకేశాడు. కొట్లో ఉన్నోళ్ళందరి మొహాలూ ఫోన్లోకి వచ్చినాయి, ఒకరి మీద ఒకరు, గుత్తిలో వంకాయల్లా. అందరూ నవ్వు. ఆయన నవ్వుతా నవ్వుతా, "అమ్మా, నవ్వినందుకు ఏమనుకోబాక, ముందు నువ్వు ఆ కుండ..." అన్నాడు. అంతే, అంకాలుకి మండింది. టక్కున ఫోన్ కట్ చేసింది. "కుండని చూసి నవ్వేవాడు బాగుచేసేదేంది" అని ఫోన్ మంచం మీద గిరాటేసింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఆయన కుండ అన్న తర్వాత ఇంకేదో అనబోయాడు. ఈమె విన్లా.

పున్నమ్మేమో, అది దిష్టి అంది. "ఇంట్లో ఇట్టాంటిది పెట్టుకుని తలుపులు బార్లా తీసుకుంటే ఎవరి కళ్ళు పడవే?" అంది. ఉప్పూ మిరపకాయలూ తెచ్చి బాన చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. బాన పొట్టకి నల్లచుక్క పెట్టింది. పనిలో పనిగా తెరకీ ఒకటి పెట్టింది. పచ్చమచ్చ ఒక మూల, నల్లచుక్క ఇంకో మూల. మిరపకాయల ఘాటుకి అంకాలు తుమ్మి, యలమంద తుమ్మి, సారె మీద కుండ వంకరపోయింది. ఆ రోజు మధ్యాన్నం మాత్రం ఒక వింత జరిగింది. పదహారు నిమిషాలకే టప్. అంత తొందరగా ఎప్పుడూ ఆగలేదు. ఏందా అని తిరిగి చూస్తే, బాన మూకుడు మీద పెట్ట.

ఆ పెట్ట సంగతి చెప్పాల మీకు. పున్నమ్మది. నల్ల కోడిపెట్ట. పొదిగే వేళకొచ్చింది, కానీ పొదగడానికి గుడ్డు లేదు, పున్నమ్మ ఎప్పటికప్పుడు తీసి కూర చేసేసింది. పాపం అది ఒళ్ళంతా కాగిపోతా, ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటా ఉంది. చెప్పుల మీద కూర్చుంది, యలమంద తువ్వాలు మీద కూర్చుంది. ఇప్పుడేమో మూకుడు మీద, రెక్కలు పరుచుకుని, కళ్ళు సగం మూసుకుని, మహారాణిలా. "ఇదన్నమాట ఇంతసేపూ చేస్తంది!" అని అంకాలు దాన్ని పట్టుకుని గంప కింద పెట్టి, పైన రాయి పెట్టింది. అది ఊరుకుంటదా? కొక్కొక్కొక్కొ అని గంపనే నడిపించుకుంటా వాకిలంతా తిరిగింది. రాయి ఎక్కడో పడిపోయింది. శుక్రవారం సాయంత్రం పెట్ట గంప కిందే ఉంది, అయినా నలభై నిమిషాలకి టప్. శనివారం పొద్దున గంప కిందే, టప్. పెట్ట ఎక్కితే పదహారు, ఎక్కకపోతే నలభై. అంకాలు అదీ బొగ్గుతో గోడ మీద రాసింది, "పెట్ట: 16" అని. రాసింది గానీ, పదహారెందుకు, నలభయ్యెందుకు అని ఆలోచించలా. పెట్టకి శిక్ష వేసింది, కానీ సాక్ష్యం అడగలా.

శనివారం మధ్యాన్నం అంకాలు గోడకి ఆనుకుని కూర్చుని, మొట్టమొదటిసారి కాలు ఊపడం మానేసిందంట. అది చూసి పున్నమ్మకి భయమేసింది. పిల్ల దగ్గర కూర్చుందామని వచ్చి, కూర్చోడానికి ఆసరాగా, అప్పుడే ఇంకోసారి టప్ అన్న బాన పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. పెట్టి, టక్కున తీసింది. మళ్ళీ పెట్టింది. యాభై ఏళ్ళ నుంచి కుండ ఆరిందో లేదో, కాలిందో లేదో అరచేత్తో చూసే మనిషి. "ఇదేందే, ఆవంలోంచి తీసిన దానిలా ఉంది!" అంది. అంకాలు లేచి చెయ్యి పెట్టింది. బాన కాగిపోతా ఉంది. "అదెట్టా నాయనమ్మా? బాన చల్లగా కదా ఉండాల?" పున్నమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. చూసి, నవ్వింది చూడండీ, నోట్లో ఆకు వక్కతో సహా బయటికొచ్చింది. "ఒసే పిచ్చిమొద్దూ! కుమ్మరోళ్ళ ఇంట్లో పుట్టి! బాన చల్లగా ఎందుకుంటదే? నీళ్ళు దాని ఒంట్లోంచి ఊరి బయటికొస్తాయి. చెమట పట్టి, ఆ చెమట గాలికి ఆరి చల్లబడద్ది. నీళ్ళు లేని బానకి చెమటెట్టా పడద్దే? పైగా మూకుడొకటి మూశావు. లోపల అది కాగతంది, కాగిన గాలి పోవడానికి దారి లేదు, దాని మీదకి పెట్టొచ్చి దుప్పటిలా కూర్చుంది. నన్నట్టా బానలో పెట్టి మూకుడేస్తే నేను పావుగంటకే టప్!"

ఇప్పుడు ఆలోచించండి. రోగం తెలిసింది. ఇంకా ఒకటిన్నర రోజుంది. ముందు అంకాలు ఏం చేసిందంటే, చెమటే కదా కావాల అని బాన చుట్టూ తడి గోనెపట్టా చుట్టింది. యాభై నిమిషాలు నడిచింది! ఎగిరి గంతేసింది. ఇంతలో నీళ్ళు లోపలికి ఊరి ఒక చుక్క ఎక్కడో పడింది, చిటుక్కుమంది, ముట్టుకున్న అంకాలు చెయ్యి భుజం దాకా జివ్వుమంది. పట్టా తీసి పారేసింది. సరే, బానలోంచి తీసి ఉత్తినే బల్ల మీద పెట్టింది. పావుగంటకి ఆవం దగ్గర్నుంచి గాలి మళ్ళి గుప్పెడు బూడిద వచ్చి పడింది. దాని ఎనకే గంప ఎత్తుకుని పెట్ట వచ్చి పడింది, నేరుగా బోర్డు మీదికే. ఫ్యానులో ఈకలు. ఆ ఫ్యాను చేసిన చప్పుడుకి ఈమె కన్నీళ్ళు పెట్టుకుంది. "ఇంకేం లేదు నాయనా, బాన అడుగున నాలుగు చిల్లులు పొడువు, పైన నాలుగు. గాలి పోయిద్ది" అంది.

యలమంద చేతిలో మట్టిముద్ద కింద పడిందంట. "చిల్లా? కుండకా? ఇంట్లోనా?" మీకు తెలుసుగా, మంచి కుండకి చిల్లి పొడిచేది ఒక్కచోటే. పాడె లేచాక, కాటి దగ్గర, నీళ్ళకుండ భుజానెత్తుకుని చుట్టూ తిరిగేటప్పుడు పొడుస్తారు. కుమ్మరోళ్ళు తొమ్మిదూళ్ళకి కుండలిచ్చేవాళ్ళు, వాళ్ళింట్లో కుండకి చిల్లి పొడవడమంటే, ఎవరో ఒకర్ని బయల్దేరమని చెప్పినట్టే. "ఎవర్ని పంపిస్తావమ్మాయ్? నన్నా? మీ నాయనమ్మనా?" పున్నమ్మ, "నన్నయితే కాదు, నాకింకా పనుంది" అంది. "నాయనా, అది ఉత్త బాన..." "ఉత్త బానా? ఇందాకటి దాకా తాత ముత్తాతలు చెయ్యని బాన, ఇప్పుడు ఉత్త బానా? పొడవను. మంగళవారం బస్సెక్కు." ఆయన అట్టా అరవడం ఎప్పుడూ లేదు. అంకాలుకి నిజంగానే ఏడుపొచ్చింది. ఫోన్లో ఏ వీడియోలోనూ లేదు కదా, కుండకి చిల్లు పెట్టగూడదని నాయన అంటే ఏం చెయ్యాలో.

ఆదివారం పొద్దున పున్నమ్మ వాకిట్లో కూర్చుని ఆకు నములుతా, ఎదురుగా ఒకదానివైపే చూస్తా ఉంది. మిఠాయి కొట్టు మస్తానయ్య చెప్పి చేయించుకున్న కుంపటి. జిలేబీ మూకుడు పట్టాలని మోకాలెత్తు, ఇంత వెడల్పు. కాల్చి పెట్టారు, సోమవారం మధ్యాన్నం వచ్చి తీసుకుపోతాడు. కింద గాలికి నోరు. మధ్యలో బొగ్గులు పెట్టే చిల్లుల పళ్ళెం. పైన అంతా ఖాళీ. పున్నమ్మ ఆకు ఊసి, "యలమందా, కుంపటికి చిల్లులున్నాయే, మరి దానికి ఎవరు పోయార్రా?" అంది. "అదేందమ్మా, కుంపటికి చిల్లులుండవా?" "ఉంటాయి కదా?" "పచ్చిగా ఉన్నప్పుడే పెట్టాం. దాని పుట్టుకే అంత. అవి చిల్లులు కాదు, నోళ్ళు." "మరింకేం? పిల్ల సామాను దాంట్లో పెట్టండి." అంకాలు లేచి నిలబడింది. "నాయనమ్మా, చల్లబడాలని కుంపట్లో పెట్టడమా!" "చల్లగా ఉంటదనేగా బానలో పెట్టావు? ఏమైంది? నిప్పు బతకాలన్నా గాలి కావాల, చల్లబడాలన్నా గాలి కావాల. పోయి చెక్క తీసుకురా."

పెట్టారు. బోర్డుని చిల్లుల పళ్ళెం మీద పడుకోబెట్టి, ఫ్యాను పైకి ఊదేట్టు తిప్పారు. కింద నోటికీ, పైన మూతికీ యలమంద పాత పంచె ముక్కలు, పల్చటివి, కట్టారు, బూడిద రాకుండా. మీట నొక్కింది. కింది పంచె ముక్క లోపలికి పీల్చుకుంది, పై ముక్క ఉబ్బింది, ఊపిరి తీసుకున్నట్టే ఉందంట. నలభై నిమిషాలు. ముగ్గురూ చుట్టూ కూర్చుని చూస్తా ఉన్నారు. యాభై. అరవై. డెబ్భై. పున్నమ్మ అరచెయ్యి పెట్టి, "చంటిబిడ్డ నుదురులా ఉంది, జొరం లేదు" అంది. అంకాలు గోడ మీద బొగ్గుతో తొంభై అని రాసి, కింద గీత గీసి, కాలు ఊపడం మొదలుపెట్టింది.

సోమవారం పదకొండు. తలుపు మూసి, అంకాలు కెమెరా ముందు కూర్చుంది. యలమందకి ఆజ్ఞ: గంటసేపు సారె తిప్పగూడదు, మట్టి జల్లించగూడదు, దగ్గగూడదు. ఆయన మట్టి చేతులు గాల్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. పున్నమ్మ తలుపు దగ్గర కాపలా. పెట్టని గంప కింద పెడదామంటే అరుస్తది, కెమెరాకి వినపడద్ది, అందుకని వదిలేశారు. గింజలు పోసి దొడ్లోకి తోలారు. పదకొండూ నలభైకి ఆటో చప్పుడు. మస్తానయ్య! మధ్యాన్నం రమ్మంటే పన్నెండన్నా కాకముందే వచ్చాడు. "యలమందా! నా కుంపటేదయ్యా?" యలమంద నోటి మీద మట్టివేలు పెట్టి, "ఉష్షు" అన్నాడు. "ఏంది, ఎవరికైనా బాగలేదా?" గొంతు తగ్గించాడు పాపం. "లేదు. కుంపటి పరీక్ష రాస్తంది." మస్తానయ్య యలమంద మొహం చూశాడు. "ఎండదెబ్బా?" అని అడిగాడు గుసగుసగా. "కూర్చో మస్తానయ్యా, ఇరవై నిమిషాలు. నీ కాళ్ళు పట్టుకుంటా, కానీ నా చేతులు మట్టి." సరే అని మస్తానయ్య కూర్చున్నాడు.

పదకొండూ యాభై. కిటికీలోంచి పెట్ట దూకింది. దొడ్లో గింజలు అయిపోయినట్టున్నాయి. అంకాలు కంటి చివర నుంచి చూస్తానే ఉంది. అది తల అటూ ఇటూ తిప్పి, మెల్లగా నడిచి, కుంపటి దగ్గరికి వచ్చి, ఒక్క ఎగురు ఎగిరి, పై పంచె ముక్క మీద కూర్చుంది. రెక్కలు పరిచింది. ఇక గాలి పోయే దారి మూసుకుపోయినట్టే. పది నిమిషాలుంది. లేస్తే పరీక్ష పోయినట్టు, ఉష్ అన్నా పోయినట్టు. గోడ మీద "పెట్ట: 16" ఆమె కళ్ళెదురుగానే ఉంది. వేళ్ళు కొడతా ఉన్నాయి, ఏం కొడుతున్నాయో దేవుడికెరుక. తలుపు సందులోంచి పున్నమ్మ చూసింది. చూసి, కెమెరాకి కనపడకుండా, డెబ్భై ఏళ్ళ మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని, నాలుగు కాళ్ళ మీద పాక్కుంటా వచ్చింది. బల్ల కిందకి దూరింది. చెయ్యి చాచింది. ఇంకా జానెడు దూరం.

అప్పుడు పెట్ట లేచి నిలబడింది. కొంచెం పక్కకి జరిగి కూర్చుంది. మళ్ళీ లేచింది. తిరిగి ఇంకోవైపు కూర్చుంది. కింద ఏమీ వెచ్చగా లేదు! పై నుంచి గాలి దాని పొట్ట ఈకల్ని ఊదతా ఉంది, అంతే. అది ఒకసారి కుంపటి వైపు వంగి చూసి, పెళ్ళిలో రెండోసారి కూర వడ్డించని వాణ్ణి చూసినట్టు చూసి, దిగి చక్కా పోయింది. పోయి మూలనున్న ఖాళీ బానలోకి దూకింది. అప్పుడు తెలిసింది మన అంకాలుకి, ఇక ఆగదు అని. అప్పుడు కొట్టింది చూడండి టైపు! బల్ల కింద పున్నమ్మ ఎనక్కి పోలేక, ముందుకు రాలేక, మోకాళ్ళ మీద వంగి, ఎనిమిది నిమిషాలు అట్టాగే ఉంది. మనవరాలి కాలు ఊపుడు ఆమె నెత్తికి తగలతానే ఉంది. ఒక్క మాట అన్లా.

పన్నెండు. తెర మీద "అందింది" అని వచ్చింది. అంకాలు కెమెరా ఆపింది. బల్ల కింద నుంచి, "నీ కాలిరగ్గొడతా!" అని ఇల్లు ఎగిరిపోయే కేక. యలమంద పరిగెత్తుకొచ్చి అమ్మని లాగి నిలబెట్టాడు, ఆమె తెల్లచీర మీద రెండు మట్టి చేతులు పడినాయి. మస్తానయ్య లోపలికొచ్చి కుంపటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "యలమందా, గంటసేపు నడిచిందంటున్నావు. ఇంత చల్లగా ఉందేందయ్యా? ఇట్టయితే నా జిలేబీలెట్టా కాలతాయి?" అన్నాడు. ఆయనకి నచ్చచెప్పి కుంపటి ఇచ్చి పంపేసరికి మూడయింది. ఆ తర్వాత యలమంద కూతురికి ఇంకో కుంపటి చేసిచ్చాడు, అంచుకి పూలు కూడా గీశాడంట. బానలోకి దూకిన పెట్ట ఇక బయటికి రాలేదు. చూసి చూసి పున్నమ్మ పక్కింటి నుంచి తొమ్మిది గుడ్లు తెచ్చి దాని కింద పెట్టింది. ఇరవై ఒక్క రోజులకి బానలోంచి కీచుకీచుమని చప్పుడు. కంప్యూటరు బుయ్యిమన్న చోటే.

ఏందీ? ఆ ఉద్యోగం వచ్చిందా అంటారా? రాకపోతే ఈపాటికి నేను పేటలో చీరలు మడతపెడతా ఉండేదాన్ని కదా, మీకీ కథ చెప్పేదెవరు? ఆఁ, నేనే. సగం నుంచే మీకు తెలుసులే, తెలియనట్టు తలూపుతున్నారు. నేనే ఆ పేటాయన ఫోన్ కట్ చేసింది. తర్వాత ఫోన్ చేసి అడిగా, "ముందు నువ్వు ఆ కుండ అన్నారే, తర్వాత ఏమనబోయారు" అని. "ఆ కుండలోంచి తియ్యమ్మా అనబోయా" అన్నాడు. నవ్వుతూ చెప్పినా నిజమే చెప్పబోయాడు, నేనే విన్లా. ఆ పెట్టయితే నవ్వకుండానే చెప్పింది, ఇక్కడ వెచ్చగా ఉంది, ఇక్కడ వెచ్చగా ఉంది అని పోయి కూర్చుని మరీ చెప్పింది. దాన్ని పట్టుకుని గంప కింద పెట్టా. ఇప్పటికీ ఎప్పుడైనా నా కంప్యూటరు టప్ అంటే నేను ముందు మరలు విప్పను. లేచి, పెట్ట ఎక్కడ కూర్చుందో చూసొస్తా.